పోయిన శనివారం నడిచిన చోటే ఈ శనివారం నడుము లోతు నీళ్లు. పోటు వేళలు ఎలా తెలుసుకోవాలి?

సముద్రపు_గాలి
ఇంకా గుండె దడ తగ్గలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను. పోయిన శనివారం సాయంత్రం ఐదింటికి నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల పాప బీచ్‌కి వెళ్లాం. నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. ఒడ్డుకి దూరంగా ఉండే నల్లరాళ్ల గుట్ట దాకా నడిచి వెళ్లి, గవ్వలు ఏరుకుని తీరిగ్గా తిరిగొచ్చాం. పాప వారమంతా ఆ రాళ్ల గురించే మాట్లాడింది. ఈ శనివారం మళ్లీ వెళ్దామని గోల చేస్తే పొద్దున పదకొండున్నరకే చేరుకున్నాం. నీళ్లు పోయినసారి కంటే ఇంకా దూరంగా కనిపించాయి. పోయినసారి ఐదింటికి కూడా నీళ్లు రాలేదు కదా, సాయంత్రం దాకా ఫర్వాలేదు అనుకున్నాం. ఒంటిగంటన్నరకి తల తిప్పి చూస్తే మాకూ ఒడ్డుకీ మధ్య నీళ్లు! ఎదురుగా నుంచి అలలుగా వస్తే గమనించేవాళ్లం, అవి చప్పుడు లేకుండా మా వెనకనుంచి చేరాయి. దూరంగా వల సర్దుకుంటున్న ఒకాయన చూసి, కేకలేసి, నడుము లోతు నీళ్లలో నడిచొచ్చి పాపను భుజాన ఎత్తుకుని తీసుకెళ్లాడు. ఆయన చూడకపోతే ఏమయ్యేదో. అక్కడ ఒక్క హెచ్చరిక బోర్డు కూడా లేదు. అదే చోటు, అదే శనివారం, ఇంత తేడా ఎందుకు? ముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

నిద్రపట్టని_నీలిమ
పాప బాగానే ఉంది కదా? చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది.

సముద్రపు_గాలి
బాగానే ఉందండి. భయపడింది మేమే. తనైతే ఆ పెద్దాయన భుజం మీద కూర్చుని సముద్రం చూశానని అందరికీ చెబుతోంది.

లంగరు
నేను సరుకు ఓడల మీద పనిచేస్తాను, పోటు పట్టిక చూడకుండా మాకు రోజు గడవదు. మీరు మోసపోయింది గడియారం దగ్గర. మన రోజు 24 గంటలు. పోటు నడిచేది చంద్రుడి లెక్కలో, అది 24 గంటల 50 నిమిషాలు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు ఐదింటికి పాటు (నీళ్లు బాగా వెనక్కి పోయిన వేళ) అయితే రేపు ఐదూ యాభైకి. ఏడు రోజులు గడిస్తే దాదాపు ఆరు గంటల తేడా. పోయిన శనివారం ఐదింటికి పాటు ఉందంటే ఈ శనివారం అదే ఐదింటికి నిండు పోటు ఉంటుంది. ఈ వారం పాటు పొద్దున పదింబావు, పదిన్నర ప్రాంతంలో అయిపోయి ఉంటుంది. మీరు వెళ్లేసరికే నీళ్లు తిరుగుముఖం పట్టాయి.

ఇంకోటి, నీళ్లు అన్ని గంటలూ ఒకే వేగంతో పెరగవు. పాటు నుంచి పోటుకి ఆరు గంటలనుకోండి. మొత్తం పెరిగేదాన్ని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడూ నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, చివర ఒకటి. మీటర్ల లెక్కలో చూస్తే, 3 మీటర్ల పోటులో మొదటి గంటకి 25 సెంటీమీటర్లే పెరుగుతుంది. మూడో గంటలో ఒక్కసారిగా 75. మీరు వెళ్లింది నెమ్మదిగా పెరిగే గంటలో, చిక్కుకుంది వేగంగా పెరిగే గంటల్లో.

సముద్రపు_గాలి
ఇది ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు లంగరు గారూ. స్కూల్లో ఆటుపోట్లకు కారణం చంద్రుడు అని ఒక్క వాక్యం రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాం, అంతే.

తెరచాప
50 నిమిషాలు గుర్తుండకపోతే పాత లెక్క ఉంది, రోజుకి రెండు ఘడియలు. ఘడియ అంటే 24 నిమిషాలు, రెండైతే 48. ఒక్కో తిథికి రెండు ఘడియల ఆలస్యం అనుకుంటే చాలు. మా తాత పడవ మనిషి, చేతికి వాచీ కూడా ఉండేది కాదు, తిథి చెబితే పోటు వేళ చెప్పేవాడు.

లంగరు
బాగా గుర్తుచేశారు. కాకపోతే అది సగటు. పెద్ద పోట్ల రోజుల్లో ఆలస్యం కాస్త తక్కువగా, చిన్న పోట్ల రోజుల్లో ఎక్కువగా ఉంటుంది. అంచనాకి ఘడియలు వాడండి, నీళ్లలో దిగేముందు మాత్రం ఆ చోటి పట్టిక చూడండి.

సున్నపురాయి
వెనకనుంచి వచ్చాయని అన్నారు చూశారా, అది గ్రహచారం కాదు, నేల తీరే అంత. బీచ్ చూడ్డానికి బల్లపరుపుగా ఉంటుంది కానీ గట్టుకి సమాంతరంగా పల్లపు కాలువలు ఉంటాయి. మనం నిలబడింది మెరక ఇసుక. పోటు ముందు పల్లాల్లోకి దూరుతుంది. కాళ్ల కింద పొడిగా ఉంటుంది, దారి మాత్రం మూసుకుపోతుంది. ఇంగ్లండ్‌లో మోర్‌కాంబ్ అఖాతంలో 2004 ఫిబ్రవరి రాత్రి గవ్వచేపలు ఏరడానికి వెళ్లిన చైనా కూలీలు కనీసం 21 మంది ఇలాగే పోయారు. వాళ్లను తీసుకెళ్లినవాళ్లకు పోటు వేళ పట్టలేదు. ఆ వార్త చదివినప్పటి నుంచి నేను తడి ఇసుక మీద అడుగుపెడితే ముందు వెనక్కి చూస్తాను.

సందేహాల_పుట్ట
చిన్న ప్రశ్న. చంద్రుడు ఒక్కడే కదా, భూమి ఒక్కసారి తిరిగితే ఒక్క పోటే రావాలి. రెండెందుకు?

చాక్‌పీస్
మంచి ప్రశ్న, చాలామంది పట్టించుకోకుండా వదిలేస్తారు. చంద్రుడి లాగుడు దగ్గరున్నవాటి మీద ఎక్కువ, దూరమున్నవాటి మీద తక్కువ. చంద్రుడి వైపున్న నీళ్ల మీద ఎక్కువ, భూమి నడిబొడ్డు మీద కాస్త తక్కువ, అవతలి వైపు నీళ్ల మీద ఇంకా తక్కువ. ఇటువైపు నీళ్లు భూమిని దాటి ముందుకు పోతాయి, అటువైపు నీళ్లను వదిలేసి భూమి ముందుకు జరుగుతుంది. రెండు వైపులా ఉబ్బు వస్తుంది. మనం రోజులో రెండు ఉబ్బుల కిందుగా తిరుగుతాం. న్యూటన్ 1687లో చెప్పిన లెక్క ఇదే. అంతకుముందు గెలీలియో అంతటివాడు కూడా చంద్రుడి మాటను కొట్టిపారేసి, భూమి కదలిక వల్లే నీళ్లు ఊగుతున్నాయని వాదించాడు.

ఎదురుగాలి
రెండో ఉబ్బు భూమి తిరగడం వల్ల, అపకేంద్ర బలం వల్ల వస్తుందని మా పుస్తకంలో ఉంది మాస్టారూ. మీరు చెప్పింది వేరేగా ఉంది.

చాక్‌పీస్
భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల వచ్చే ఉబ్బు భూమధ్యరేఖ చుట్టూ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఎప్పుడూ ఒకేలా ఉండేది ఆరు గంటలకోసారి నీటిని ఎలా పెంచి తగ్గిస్తుంది? భూమీ చంద్రుడూ ఉమ్మడి కేంద్రం చుట్టూ తిరగడాన్ని లెక్కలోకి తీసుకుని అపకేంద్ర బలం పేరుతో చెప్పే పద్ధతి ఒకటుంది, జాగ్రత్తగా చేస్తే సమాధానం అదే వస్తుంది. మీ పుస్తకం ఆ రెండింటినీ కలిపేసి ఉంటుంది.

ఎదురుగాలి
సరే, ఒప్పుకుంటాను. మరి సూర్యుడు అంత పెద్దవాడు కదా, ఆయన పోటు ఏదీ?

చాక్‌పీస్
ఉంది, చంద్రుడి దాంట్లో సగానికి కాస్త తక్కువ. సూర్యుడి బరువు చంద్రుడికి సుమారు 2.7 కోట్ల రెట్లు, కానీ 390 రెట్ల దూరం. పోటు బలం దూరం ఘనంతో తగ్గుతుంది, 390ని మూడుసార్లు గుణిస్తే దాదాపు 5.9 కోట్లు. 2.7ని 5.9తో భాగిస్తే 0.46. అమావాస్యకీ పౌర్ణమికీ ఇద్దరి లాగుడూ ఒకే వరసలో పడుతుంది కాబట్టి పెద్ద పోట్లు, అష్టమికి అడ్డంగా పడుతుంది కాబట్టి చిన్న పోట్లు. చాలాచోట్ల ఆ ప్రభావం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది.

లంగరు
సముద్రపు_గాలి గారి కథలో ఇదీ ఉంది. పోయిన శనివారం అష్టమి దగ్గర, అందుకే నీళ్లు మరీ దూరం పోలేదు. ఈ శనివారం అమావాస్య దగ్గర, నీళ్లు ఎక్కువ దూరం పోయాయి, అంత ఎక్కువగానూ తిరిగొచ్చాయి. దూరంగా పోయిన సముద్రాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. ఎంత దూరం పోయిందో అంత లోతుగా వస్తుంది.

నిద్రపట్టని_నీలిమ
ఈ చివరి మాట బోర్డు మీద రాసి ఆ బీచ్‌లో పాతాలి.

ఊయల
అన్నిచోట్లా రోజుకి రెండు అని కూడా గుడ్డిగా నమ్మొద్దు. మెక్సికో సింధుశాఖలో చాలాచోట్ల రోజుకి ఒక్క పోటే. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల పోటు ఉందో లేదో తెలియనంత చిన్నది. కెనడాలో ఫండీ అఖాతంలో మాత్రం 16 మీటర్ల దాకా లేస్తుంది, అయిదంతస్తుల మేడ ఎత్తు. చంద్రుడు ఒక్కడే, తేడా అంతా గిన్నెది. ఫండీలో నీళ్లు ఒక కొసనుంచి ఇంకో కొసకు ఊగి రావడానికి పట్టే సమయం పోటు సమయానికి దాదాపు సరిపోతుంది. ఊయల సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడల్లా ఒక చిన్న తోపు తోస్తే ఎంత ఎత్తుకు పోతుందో చూశారుగా, అదే ఇది. ఖండాలు అడ్డం ఉండటం వల్ల ఉబ్బు చంద్రుడి కిందే నిలబడి ఉండదని, పోటు సముద్రాల్లో పొడవాటి అలగా తిరుగుతుందని 1770ల్లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ లెక్క కట్టాడు.

సందేహాల_పుట్ట
ఒక్క ప్రశ్న అడిగితే ఇంత దొరికింది, ఇంకో పది రాసుకుని వస్తాను.

పీతల_కథ
మీరంతా లెక్కల్లో ఉన్నారు, ఆ లెక్క మనకంటే ముందే నేర్చుకున్న జీవులు ఉన్నాయి. కాలిఫోర్నియా తీరంలో గ్రునియన్ అనే చిన్న చేప ఉంది. పౌర్ణమి, అమావాస్యల తర్వాత రాత్రుల్లో పోటు శిఖరం దాటగానే అలతో పాటు ఇసుక మీదికి వస్తుంది. ఆడ చేప తోక మీద నిలబడి ఇసుకలోకి దిగి గుడ్లు పెడుతుంది, మళ్లీ అలతోనే వెళ్లిపోతుంది. తర్వాత రాత్రుల పోట్లు అంతకంటే కిందే ఆగుతాయి కాబట్టి గుడ్లు పొడిగా, భద్రంగా ఉంటాయి. మళ్లీ రెండు వారాలకు పెద్ద పోటు వచ్చి ఇసుక కదిపితే అప్పుడు పిల్లలు బయటికొస్తాయి. ఒక్కరోజు ముందు వచ్చినా గుడ్లు కొట్టుకుపోతాయి! ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

అమెరికా తూర్పు తీరంలో డెలావేర్ అఖాతంలో మే, జూన్ నెలల్లో గుర్రపునాడా పీతలు ఇలాగే పెద్ద పోట్లకు గుంపులుగా ఒడ్డెక్కుతాయి. ఆ గుడ్ల కోసం రెడ్ నాట్ అనే పక్షులు దక్షిణ అమెరికా నుంచి ఆర్కిటిక్‌కి వెళ్తూ దారిలో అక్కడ దిగుతాయి. ఆ పీత నీలిరక్తంతోనే టీకాల్లో, ఇంజెక్షన్లలో బాక్టీరియా విషం ఉందో లేదో పరీక్షిస్తూ వచ్చారు. చంద్రుడు, పోటు, పీత, పక్షి, మన చేతికి గుచ్చే సూది, అన్నీ ఒకే గొలుసు.

తెరచాప
పీతలకు క్యాలెండర్ ఉందని మా వాడికి చదివి వినిపిస్తే పరీక్షల తేదీలు వాటినే అడుగుదాం అన్నాడు.

పీతల_కథ
మీ వాడికి ఇంకోటి చెప్పండి. ఫిడ్లర్ పీతల్ని పోటు లేని గదిలో పెట్టినా కొన్ని రోజుల పాటు బయట పోటుకి తగ్గట్టే తిరుగుతాయి, ఆగుతాయి. గడియారం ఒంట్లోనే ఉంది.

ఉప్పుటేరు
మడ అడవుల మాట ఎవరూ ఎత్తలేదు. నేను మడ మొక్కలు నాటే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. మొదటి ఏడాది నాటినవి చాలావరకు చచ్చిపోయాయి. మొక్క మంచిదే, మట్టి మంచిదే, పోటు లెక్క తప్పింది. మరీ కింద నాటాం, రోజులో ఎక్కువసేపు మునిగి ఊపిరాడలేదు. మడ చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చేది గాలి కోసమే. పాటు వేళ ఆ వేళ్లు గాలి తీసుకుంటాయి. మరీ పైన నాటితే పోటు చేరక ఉప్పు పేరుకుపోతుంది. ఒక అడుగు ఎత్తు తేడాలో చెట్టు బతుకు ఉంది. రెండో ఏడాది పదిహేను రోజులు గూటాలు పాతి నీళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయో గుర్తులు పెట్టుకున్నాకే నాటాం, బతికాయి. ఆటు అన్నా పాటు అన్నా అదేదో తగ్గిపోవడం, నష్టం అన్నట్టు మాట్లాడతాం. ఉప్పుటేరుకి అది ఊపిరి వదలడం. పోటు ఎంత ముఖ్యమో పాటూ అంతే.

వెన్నెల_గూడు
నేను కాస్త పక్కకు వెళ్తాను. సముద్రాన్నే లాగే చంద్రుడు మన ఒంట్లో 60 శాతం నీటిని లాగడా? పౌర్ణమికి మా అమ్మకి నిద్ర పట్టదు, తల బరువుగా ఉంటుంది. నేను చాలాసార్లు గమనించాను.

చాక్‌పీస్
మీ అమ్మగారి బాధ నిజమే, కారణం మాత్రం ఇది కాదు. పోటు అనేది ఒక వస్తువు ఇటు అంచుకీ అటు అంచుకీ మధ్య లాగుడులో వచ్చే తేడా. భూమి అడ్డకొలత 12,700 కిలోమీటర్లు కాబట్టి తేడా కనిపిస్తుంది. అయినా ఆ బలం భూమ్యాకర్షణలో కోటో వంతు. అది నీళ్లను ఎత్తేయదు, వేల కిలోమీటర్ల పొడవునా పక్కకు జరిపి పోగు చేస్తుంది. ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు 560 కిలోమీటర్ల పొడవు, దానిలోనే పోటు 5 సెంటీమీటర్లు దాటదు. మనిషి ఒకటిన్నర మీటరు చిల్లర.

వెన్నెల_గూడు
సరస్సు సంగతి నాకు తెలియదు. అర్థమైంది. అయినా నిద్ర పట్టకపోవడం నిజమే కదా.

నిద్రపట్టని_నీలిమ
కిటికీకి మందం కర్టెన్ వేసి చూడండి వెన్నెల గారూ. నాకు వెలుతురు ఉంటే పట్టదు. అయినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి, చంద్రుడి ఖాతాలో వేసి వదిలేయకండి.

చాక్‌పీస్
ఒంట్లో నీళ్లు లేవవు కానీ కాళ్లకింద నేల లేస్తుంది. గట్టి భూమి కూడా రోజూ సుమారు 30 సెంటీమీటర్ల మేర ఉబ్బి దిగుతుంది, మనమూ దాంతోపాటే లేస్తాం కాబట్టి తెలియదు. జెనీవా దగ్గర భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగ యంత్రం దీనివల్ల ఒక మిల్లీమీటరు మారేది, దాన్ని లెక్కలో సరిచేసుకోవాల్సి వచ్చింది.

పాత_పటాలు
యుద్ధాల్లో కూడా ఇది ప్రాణాలు తీసింది. 1943 నవంబర్ 20న పసిఫిక్‌లో తరావా దీవి మీద అమెరికా సైన్యం దిగింది. చిన్న పోటు రోజులు, పైగా చంద్రుడు భూమికి దూరంగా ఉన్న సమయం. పగడపు దిబ్బ మీద నీళ్లు చాలక పడవలు ఆగిపోయాయి. సైనికులు వందల మీటర్లు నీళ్లలో నడుస్తూ తూటాలకు ఎదురెళ్లారు. మూడు రోజుల్లో వెయ్యి మందికి పైగా పోయారు. మరుసటి ఏడాది 1944 జూన్ 6న నార్మండీలో దిగేటప్పుడు పోట్ల లెక్కల్లో నిపుణుడైన ఆర్థర్ డూడ్సన్ యంత్రాలతో లెక్కగట్టిన పోటు పట్టికలు చూసుకున్నారు. తెల్లవారేటప్పటికి పాటు ఉండాలి, జర్మన్లు నీళ్ల కింద పాతిన అడ్డంకులు బయటపడాలి, పడవలు పెరిగే నీళ్ల మీద దిగాలి. నెలలో అలా కుదిరే రోజులు కొన్నే.

లంగరు
2021లో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డంగా ఇరుక్కుంది గుర్తుందా? మార్చి 23న ఇరుక్కుంది, 28న పౌర్ణమి, 29న కదిలింది. ఇసుక తవ్వారు, టగ్గులు లాగాయి, ఆ కష్టం తక్కువదని అనను. కానీ పౌర్ణమి పోటు ఇచ్చిన నీళ్లు లేకపోతే ఇంకెన్ని రోజులు పట్టేదో. ఆ వారం మా ఓడలో అందరం వార్తల కంటే పోటు పట్టికే ఎక్కువ చూశాం. గుజరాత్‌లో అలంగ్ దగ్గర పాత ఓడల్ని విరగ్గొట్టడానికి ఒడ్డెక్కించేదీ పెద్ద పోటు చూసుకునే. ఓడ పోటుతో పైకి ఎక్కుతుంది, నీళ్లు పోయాక బురద మీద మిగిలిపోతుంది. ఒకసారి దగ్గరనుంచి చూశాను, మనసు బాగాలేదు ఆరోజంతా.

ఎదురుగాలి
ఇంత బలం ఊరికే పోతోంది కదా, కరెంటు తీయొచ్చుగా? బొగ్గు కాల్చక్కర్లేదు.

ఊయల
తీస్తున్నారు. ఫ్రాన్స్‌లో లా రాన్స్ నది మొగ దగ్గర 1966 నుంచి 240 మెగావాట్ల కేంద్రం నడుస్తోంది. దక్షిణ కొరియాలో సీహ్వా 2011లో వచ్చింది, 254 మెగావాట్లు. గాలి ఆగిపోవచ్చు, మబ్బు పట్టొచ్చు, పోటు ఏ నిమిషానికి వస్తుందో ఏళ్ల ముందే చెప్పొచ్చు. అదే దీని గొప్ప.

ఉప్పుటేరు
లా రాన్స్ కట్టేటప్పుడు మొగను మూడేళ్లు మూసేశారు. లోపలి జీవాలు చాలావరకు పోయాయి, తేరుకోవడానికి పదేళ్లు పట్టింది. వద్దని అనడం లేదు. పోటును ఆపకుండా, నీటి కింద మర పెట్టి తిప్పే పద్ధతులకే నా ఓటు.

ఎదురుగాలి
పోటు ఆగిపోతే అంత నష్టమని నేను అనుకోలేదు.

సున్నపురాయి
ఉప్పెనకీ పోటుకీ సంబంధం ఉందని కూడా గుర్తుంచుకోండి. తుపాను గాలి నీళ్లను తీరానికి తోస్తుంది, అది ఉప్పెన. అదే వేళకు పోటు తోడైతే రెండూ కలుస్తాయి. 2012 అక్టోబర్ 29న శాండీ తుపాను ఉప్పెన న్యూయార్క్ తీరానికి వచ్చింది పౌర్ణమి నాటి పోటు వేళకే, నీళ్లు సబ్‌వే సొరంగాల్లోకి దూరాయి. సునామీకి మాత్రం చంద్రుడితో పనిలేదు, అది సముద్రగర్భం కదిలినప్పుడు వస్తుంది. మనం అన్నింటినీ కలిపేసి సముద్రం పొంగింది అంటాం.

చాక్‌పీస్
నాకు అన్నింటికంటే ఇష్టమైనది చెప్పి ఊరుకుంటాను. పోటు ఉబ్బు సముద్రగర్భంతో రాపిడి పడి భూమి తిరుగుడును నెమ్మదిస్తోంది. ఆ బలం చంద్రుడికి చేరి ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. 1969లో అక్కడ పెట్టివచ్చిన అద్దాల మీదికి లేజర్ వేసి కొలిచారు. 1963లో జాన్ వెల్స్ అనే ఆయన దాదాపు 38 కోట్ల ఏళ్లనాటి పగడాల మీద రోజువారీ గీతలు లెక్కపెడితే ఏడాదికి సుమారు 400 వచ్చాయి. అంటే అప్పటి రోజు 22 గంటలే.

సందేహాల_పుట్ట
పగడం డైరీ రాసుకుందన్నమాట. పది ప్రశ్నల్లో నాలుగు అయిపోయాయి.

లంగరు
సముద్రపు_గాలి గారూ, మళ్లీ వెళ్లాలనుకుంటే చిక్కుకున్న రోజు నుంచి రెండు వారాలకు వచ్చే శనివారం చూడండి. నా లెక్కలో పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య పాటు. పట్టికతో సరిచూసుకోండి. పాటుకి గంటన్నర ముందు వెళ్లండి, నీళ్లు ఇంకా పోతూ ఉండగా నడవండి, పాటు వేళ కాగానే వెనక్కి తిరగండి. ఇంకాసేపు అని పాప అడిగినా సరే.

సముద్రపు_గాలి
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. పట్టికలో పాటు 9:43 అని ఉంది, మీ లెక్క సరిపోయింది. 8:15కి దిగాం. దారిలో సున్నపురాయి గారు చెప్పిన పల్లపు కాలువ ఎక్కడుందో ముందు వెతికి, అక్కడ ఒక కర్ర పాతాం. రాళ్ల సందు గుంటలో పువ్వులాంటి సముద్రజీవి ఉంది, పాప వేలు నీడ పడగానే ముడుచుకుపోయింది. అరగంట దాని దగ్గరే కూర్చుంది. 9:40కి తనే లేచి "నాన్నా, టైం అయింది" అంది. తిరిగొచ్చేటప్పుడు కర్ర మొదట్లో చీలమండ లోతే నీళ్లు, కానీ అప్పుడే లోపలికి పారడం మొదలైంది. ముగ్గురం నిలబడి చూశాం. ఆ రోజు పాపను ఎత్తుకొచ్చిన పెద్దాయన కూడా అక్కడే ఉన్నారు. ఈసారి పాప ఆయనకే చెప్పింది, రేపు పది ముప్పై మూడుకి అని.

తెరచాప
ఆయనేమన్నారు?

సముద్రపు_గాలి
నవ్వి, "రెండు ఘడియలు" అన్నారు.